గడ్డి మేసిన చేపలు

నేను చేప ముళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటే మా గల్లీలో చాలాకాలం ఎవరూ నమ్మలేదు. సూరత్‌లో మేముండే లింబాయత్ వైపు సగానికి సగం ఇళ్లు సిరిసిల్ల, కరీంనగర్ నుంచి వచ్చిన నేతవాళ్లవే. ఆడపిల్ల ఇంతకాలం చదివిందంటే టీచరైనా కావాలి, నర్సైనా కావాలి, లేదంటే రింగ్ రోడ్డు మార్కెట్లో ఏ చీరల దుకాణంలోనో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. పక్కింటి పెద్దమ్మ ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపి అడిగింది.

"ఏం పనే నీది? మీయమ్మ చెప్తె నాకు సమజ్ కాలే."

"నాలుగువేల ఏండ్ల కింద మనుషులు తిన్న చేపలున్నయి గద పెద్దమ్మా, వాటి ముండ్లు పరీక్ష చేస్త. అప్పటోళ్లు ఏం తిన్నరో తెలుస్తది."

"తిన్నోళ్లు సచ్చిరి. చేపలు సచ్చిపాయె. ఇప్పుడు నీకు అండ్ల ఏం దొరుకుతది బిడ్డా?" అని తలుపు వేసుకుంది.

మా బాపు మాత్రం ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకున్నాడు. ఆయన కడోదరాలో పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తాడు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. సాంచాల మోత మధ్య ముప్పై ఏళ్లు గడిపిన మనిషి కాబట్టి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు, ఎదుటివాళ్లు గట్టిగా చెబితే తప్ప వినిపించుకోడు. నేను చెప్పింది ఇంతే. ఎముకలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అందులోని నైట్రోజన్‌లో బరువైన రకం, తేలిక రకం రెండూ ఉంటాయి. కార్బన్‌లోనూ అంతే. మనం తినే తిండిని బట్టి వాటి పాళ్లు మారతాయి. గడ్డి మేసే ఆవులో బరువైన నైట్రోజన్ తక్కువ. సముద్రంలో చిన్నచేపను ఇంకో చేప, దాన్ని ఇంకా పెద్దచేప తింటూపోతాయి కాబట్టి పెద్దచేపకు వచ్చేసరికి అది బాగా ఎక్కువ. వాటిని తిన్న మనిషిలో ఇంకొంచెం ఎక్కువ. సముద్రం ఒడ్డున ఒక పాత దిబ్బ తవ్వినప్పుడు మనుషుల ఎముకలు కొన్ని, చేపల ఎముకలు చాలా దొరికాయి. ముందు చేపల కొలత తెలిస్తేనే ఆ మనుషుల కొలత చదవగలం.

"అంటే బొక్కల రాసి ఉంటదన్నట్టు, ఏం తిన్నరో," అన్నాడు బాపు.

"రాసి ఉంటది. చదువుడే కష్టం."

కష్టమని ఊరికే అనలేదు. మన ఎండకి, ఆ తీరంలోని ఉప్పునేలకి ఎముకల్లో కొల్లాజెన్ మిగలడం అరుదు. ఎముక ముక్కను రోజుల తరబడి పలచని ఆసిడ్‌లో నానబెట్టి, కడిగి, వేడిచేసి, వడగట్టి, ఎండబెడితే చివరికి చాలాసార్లు గాజుసీసా అడుగున ఏమీ ఉండదు. మొదటి ఏడాది అంతా నాకు అలాగే గడిచింది. రెండో ఏడాది చివర్లో మా లాబ్ పాత సామాను గదిలోంచి కొత్తగా ఒక పెట్టె తెరిచాం. అందులో పెద్ద సముద్రపు జెల్ల చేపల తల ఎముకలు, వెన్నుపూసలు చక్కగా విడివిడిగా పేర్చి ఉన్నాయి. వాటిలోంచి కొల్లాజెన్ వచ్చింది. కొంచెం కాదు, సీసా అడుగున తెల్లగా దూదిపింజలా వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి రెండు పొట్లాల లోచో, ఇక్కడి శనగపిండి టిఫిను, కొనుక్కుపోయాను. బాపు సగం తిని, మిగతా సగం పెద్దమ్మకి పంపించాడు.

ఆ దూదిని, దానితోపాటు పోలిక కోసం అదే దిబ్బలో దొరికిన ఆవుల ఎముకల కొల్లాజెన్‌ని, చిన్న చిన్న గొట్టాల్లో పెట్టి, చీటీలు అంటించి, ఆ పాళ్లు కొలిచే యంత్రం ఉన్న మరో నగరానికి పంపించాం. రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. మా గైడ్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచి కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు.

"ఇవి చేపలు కాదు," అన్నారు.

చూశాను. కార్బన్ దాదాపు సరిపోయేలాగే ఉంది, సముద్రపు చేపకీ సజ్జచొప్ప తిన్న ఆవుకీ ఆ అంకె దగ్గరదగ్గరగానే ఉంటుంది. నైట్రోజన్ దగ్గర మాత్రం సమర్థించుకోవడానికి ఏమీ లేదు. నా జెల్లలన్నీ గడ్డి మేసిన పశువుల్లా ఉన్నాయి.

"అదే విడతలో ఆవుల ఎముకలు కూడా పంపావు కదా?"

"పంపాను మేడమ్."

"చీటీలు మారిపోయాయేమో చూసుకో."

"మారితే ఆవులు చేపల్లా కనిపించాలి కదా మేడమ్. ఆవులు ఆవుల్లానే ఉన్నాయి."

ఆమె మళ్లీ అంకెల వైపు చూసి, "అయితే ఆవు కొల్లాజెన్‌నే రెండుసార్లు గొట్టాల్లోకి ఎత్తి ఉంటావు," అన్నారు. అరవలేదు, విసుక్కోలేదు. అందుకే మరీ భయమేసింది. "సోమవారం దాకా నీ పుస్తకాలన్నీ చూడు. కారణం దొరక్కపోతే ఇవన్నీ పక్కన పెట్టేయాలి. ఎందుకు పక్కన పెట్టామో కమిటీకి రాయాలి కూడా."

ఎందుకో అంటే నా అజాగ్రత్త వల్ల అని. ఆ మాట ఆమె నోటితో అనలేదు.

నా మీద నాకే నమ్మకం లేకపోవడం అసలు బాధ. ఆ గొట్టాలు నింపిన వారంలో అమ్మకు డెంగీ. పొద్దున ఆసుపత్రిలో, మధ్యాహ్నం లాబ్‌లో, మళ్లీ సాయంత్రం ఆసుపత్రిలో గడిపాను. ఆ రోజుల్లో ఏం తిన్నానో కూడా గుర్తులేదు. చేతులు ఒక గొట్టం బదులు ఇంకో గొట్టం తీసి ఉండవని ఎలా చెప్పగలను? నా రాత పుస్తకంలో ప్రతి అడుగూ రాసి ఉంది, ప్రతి అడుగుకీ టిక్కు కూడా ఉంది. కానీ టిక్కు పెట్టిన చెయ్యి కూడా అదే కదా.

శుక్రవారం, శనివారం పుస్తకాలు తిరగేశాను. తప్పు దొరికితే ఏడ్చేసి ఊరుకునేదాన్ని. దొరకలేదు. ఆదివారం లాబ్ తెరవరు కాబట్టి, పరీక్షకు వాడగా మిగిలిన జెల్ల ముక్కలు కొన్ని మేడమ్‌కి చెప్పే ఇంటికి తెచ్చుకున్నాను. ఇవి నిజంగా చేపవేనా, మొదట్లోనే నేను పొరబడ్డానా అని భూతద్దం పెట్టి మళ్లీ చూద్దామని. చేపవే. అందులో అనుమానం లేదు. కానీ విరిగిన అంచుల మీద గోధుమరంగులో ఏదో మెరుస్తోంది. మట్టి గట్టిపడి అలా అయిందనుకున్నాను. అమ్మ చాయ్‌కి పెట్టిన నీళ్లు కాగుతున్నాయి. కొన్ని స్టీలు గిలాసలో పోసి, ఒక ముక్క అందులో వేసి, మెత్తబడ్డాక పుల్లతో గీకి చూద్దామని పక్కన పెట్టాను.

ఆ రోజు బాపుకి సెలవు. స్నానం చేసి వచ్చి, చాయ్ కోసం వంటింట్లోకి వంగినవాడు అక్కడే ఆగిపోయాడు.

"గీ వాసనేందే?"

"ఏం వాసన? నాకేం రాలే."

ఆయన గిలాస ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సరేస్ నానబెట్టినవా?"

"సరేసేంది బాపూ?"

"జిగురు. బర్ల తోళ్లు, గిట్టలు ఉడకబెట్టి చేస్తరు. మన దిక్కు వడ్లోళ్లు కట్టె అతికెటందుకు వాడి వజ్రమంటరు సూడు, అదే." ముక్కను బయటికి తీసి, దాని అంచుని రెండు వేళ్ల మధ్య రుద్దాడు. వేళ్లు విడదీస్తే సన్నని తీగ సాగింది. "ఇగో. తుమ్మజిగురు గాదు, మైదా గాదు. పక్కా సరేసే."

"నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెల్వదు? సాంచాలల్ల చేరకముందు సూరత్ వచ్చిన కొత్తల సైజింగ్‌ల పని చేసిన. రేయాన్ దారం తెగకుండ గంజి పట్టిస్తరు గద, ఆ గంజిల గిదే కలిపేది మా సేటు. రెండేండ్లు నా చేతులు గిదే వాసన. అన్నం కలుపుకుంటె గూడ గిదే వాసన. మర్శిపోతనా?" మళ్లీ ఒకసారి వాసన చూసుకుని మొహం చిట్లించాడు. "చేపకు ఎవడు పెట్టిండే దీన్ని?"

అమ్మ అప్పుడు గదిలో చీరల దారాలు కత్తిరిస్తోంది. అక్కడి నుంచే, "నా చాయ్ గిలాసలనా! బర్ల గిట్టలు నా గిలాసల ఉడకబెట్టిన్రా?" అని కేకేసింది. నేను వినే స్థితిలో లేను.

జిగురు అంటే కొల్లాజెనే. పశువుల తోలు, గిట్టలు ఉడికిస్తే కరిగి వచ్చే కొల్లాజెన్. విరిగిన చేప ఎముకలను ఎవరో ఎప్పుడో దానితో అతికించి ఉంటే, అది ఎముక రంధ్రాల్లోకి ఇంకిపోయి ఉంటే, నా ఆసిడ్‌లో, నా వేడినీళ్లలో, నా వడపోతలో చివరికి మిగిలేది చేప కాదు, బర్రె. కొల్లాజెన్ మంచిదా చెడ్డదా అని చూడడానికి మేం ఒక పరీక్ష చేస్తాం. అందులో కూడా అది పాసవుతుంది, ఎందుకంటే అది నిజంగానే మంచి కొల్లాజెన్. అంత దూది ఎందుకు వచ్చిందో కూడా అప్పుడర్థమైంది. చీటీలు మారలేదు. గొట్టాలు మారలేదు. డెంగీ వారంలో కూడా నా చేతులు సరిగ్గానే పనిచేశాయి.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? గిప్పుడు నేనేమన్న?" అని బాపు కంగారుపడ్డాడు.

"ఏడుస్తలేను. జర ఫోనియ్యి."

మేడమ్‌కి ఆదివారం ఫోన్ చేయడం అదే మొదటిసారి. అంతా ఆమె చివరిదాకా విన్నారు. తర్వాత, "ఎవరు గుర్తుపట్టారు?" అని అడిగారు.

"మా నాన్న. కడోదరాలో లూమ్ మీద పనిచేస్తారు."

"వాసన చూసి?"

"అవును మేడమ్."

"రేపు పొద్దున్నే ఆ ముక్క తీసుకురా. మిగతావేవీ కడగొద్దు." ఫోన్ పెట్టేయబోతూ, "నిద్రపో," అన్నారు. ఆమె అలాంటి మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు.

సోమవారం ఇద్దరం కలిసి పెట్టె మొత్తం చూశాం. వెతికితే అన్నిటిమీదా ఆ మెరుపు కనిపించింది. ఏ జంతువు కొల్లాజెనో తేల్చే మరో పరీక్షకు రెండు ముక్కలు పంపిస్తే అందులో పశువు, చేప రెండూ కలిసి ఉన్నాయని వచ్చింది, పశువే ఎక్కువ. పాత రిజిస్టర్లలో మాత్రం జిగురు సంగతి ఒక్క ముక్క లేదు. ఆ తవ్వకం నేను పుట్టకముందే ముగిసింది. అప్పుడు బొమ్మలు గీసే పని చేసిన ఒకాయన రిటైరై బార్డోలీలో ఉంటున్నారని మేడమ్ ఎవరినో అడిగి తెలుసుకున్నారు. నన్ను వెళ్లమన్నారు.

బస్సులో వెళ్లాను. చెరుకు ఆడే రోజులు. ఊరు ఇంకా రాకముందే కిటికీలోంచి బెల్లం పాకం లాంటి వాసన మొదలైంది. ఆయన ఇల్లు బస్టాండుకి దగ్గరే. సన్నగా, నిటారుగా ఉన్న ముసలాయన, చొక్కా జేబులో ఇంకా రెండు పెన్సిళ్లు పెట్టుకుని ఉన్నారు. ఆయన మాట్లాడింది గుజరాతీలో. కానీ నాకు ఆ మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

ఫోన్‌లో ఎముకల ఫోటోలు చూపించగానే ఆయన కళ్లు వెలిగాయి. "ఇవి నేను అతికించినవే. ఈ తల చూశావా, పదకొండు ముక్కలు. డేరా బయట డబ్బాలో సరేస్ వేడిచేసి, సన్న బ్రష్‌తో అతికించేవాణ్ణి. ముక్కలుగా ఉంటే బొమ్మ ఎలా గీస్తాం? కొలతలు ఎలా తీస్తాం? పొడిపొడి అవుతున్నవాటికి పలచగా కలిపి పూత కూడా పూశాను. లేకపోతే ఇన్నేళ్లు ఉండేవి కావు."

నేను నీళ్లు తాగి, వచ్చిన సంగతి మెల్లగా చెప్పాను. వింటూ వింటూ ఆయన మొహం వాడిపోయింది. పెన్సిళ్లు జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"అంటే నేను పాడుచేశాను."

"లేదండీ. అప్పుడు ఇలాంటి పరీక్షలు చేస్తారని ఎవరికి తెలుసు? మీరు అతికించబట్టే అవి ఏ చేపలో ఇవాళ గుర్తుపట్టగలిగాం. ఎక్కడ అతికించారో తెలిస్తే చాలు నాకు."

"అన్నీ అతికించాను," అన్నారు. లోపల్నుంచి ఆయన భార్య ఉడికించిన వేరుశెనక్కాయలు పళ్లెంలో తెచ్చి పెట్టింది. నేను ఒకటి ఒలుస్తుండగా ఆయన ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

"ఆగు దీక్రీ, ఆగు తల్లీ. చివర్లో తవ్విన గుంట. ఆఖరి వారం వాన మొదలైంది. డేరాలు ఎత్తేయమన్నారు. ఆ గుంటలోవి కడగను కూడా లేదు, మట్టితో సహా ఒక పిండి సంచిలో పోసి మూతి కట్టేశాం. తర్వాత చేద్దామన్నారు. ఆ తర్వాత ఎవరు చేశారు?"

"ఆ సంచి ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? నేనైతే ఇనుప ట్రంకులో అడుగున పెట్టాను."

తిరుగు బస్సు ఎక్కించడానికి ఆయన బస్టాండు దాకా వచ్చారు. "దొరికితే నాకు చెప్పు. దొరక్కపోయినా చెప్పు," అన్నారు.

మా సామాను గదిలో మూడో ట్రంకు అడుగున దొరికింది. బట్ట సంచి, మీద ఏదో పిండిమిల్లు ముద్ర వెలిసిపోయి ఉంది. మూతికి కట్టిన పురికొస విప్పుతుంటే చేతిలోనే పొడైపోయింది. లోపల మట్టిగడ్డలు, వాటి మధ్య చిన్న చిన్న వెన్నుపూసలు. మేడమ్ ఒకదాన్ని గోరువెచ్చని నీళ్లలో వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు అందించారు. తడిమట్టి వాసన తప్ప ఇంకేం లేదు. ఆమె నవ్వారు. నేనూ నవ్వాను. ఇద్దరు చదువుకున్నవాళ్లు గాజుగిన్నె పట్టుకుని కుక్కల్లా వాసన చూడడం నిజంగానే నవ్వొచ్చే సంగతి.

ఈసారి దూది రాలేదు. చాలా ముక్కల్లో ఏమీ మిగల్లేదు. కొన్నిట్లో మాత్రం సీసా గోడకి పలచగా, గీకితే వచ్చేంత పొర. ఆ కాస్తంత చూస్తే నాకు అంతకుముందు దూదిని చూసినప్పటికంటే ధైర్యంగా అనిపించింది. మన నేలలో నిజంగా మిగిలేది అంతే. చీటీలు ఈసారి మేడమ్ దగ్గరుండి రాయించారు. రాయిస్తూ, తల ఎత్తకుండానే, "అప్పుడు నీ మీద అనుమానపడ్డాను. ముందు పెట్టెను అనుమానించాల్సింది," అన్నారు. నేను "పర్లేదు మేడమ్" అన్నాను. పర్లేదు కాదు, ఎంతో భారం దిగింది.

ఫలితాలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. నైట్రోజన్ పైన, సముద్రపు పెద్దచేపకు ఉండాల్సిన చోటే ఉంది. ఆ పక్కన ముందే కొలిచి ఉంచిన మనుషుల అంకెలు పెట్టి చూశాం. అవి చేపల కంటే బాగా కింద ఉన్నాయి. జిగురు అంకెల్ని నమ్మి ఉంటే, మనుషులు వాటికి కొంచెమే పైన ఉన్నారు కాబట్టి, వాళ్లు పూటపూటకీ చేపలే తిన్నారని రాసేసేవాళ్లం. అసలు సంగతి వేరు. సముద్రం ఒడ్డునే ఉన్నా వాళ్లు ఎక్కువగా బతికింది సజ్జల్లాంటి చిరుధాన్యాల మీద, పాడి మీద, పశువుల మీద. చేప ఎప్పుడో ఒకప్పుడు తినే కూర. దిబ్బలో అన్ని చేప ముళ్లు ఉంటే ఎవరో అక్కడ చేపలు ఎండబెట్టి వేరే ఊళ్లకి పంపేవాళ్లేమో అని మేడమ్ అన్నారు. అది ఇంకో పరిశోధన.

ముందు బార్డోలీకి ఫోన్ చేశాను. ముసలాయన, "హాశ్!" అని పెద్దగా ఊపిరి వదలడం స్పష్టంగా వినిపించింది. తర్వాత ఇంటికి వెళ్లకుండా కడోదరా బస్సెక్కాను. బాపు ఫోన్ సాంచాల మోతలో ఎలాగూ వినబడదు.

సాంచాల షెడ్డు గుమ్మంలో నిలబడితే నేల అదురుతోంది. లోపల వరసల మధ్య బాపు తెగిన పోగు ముడేస్తున్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం మారిపోయింది. కూతురు పని చోటికి వచ్చిందంటే ఇంట్లో ఏదో అయిందనే అనుకుంటారు ఎవరైనా. పక్క సాంచ మీది ఒడియా ఆయనకి చేత్తో సైగ చేసి, తల మీద దూది పొట్టుతోనే బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? అమ్మ మంచిగున్నదా?"

"అందరం మంచిగున్నం. చేపలు చేపలే బాపూ! రిజల్ట్ వచ్చింది."

"ఆఁ?"

నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "చేపలు చేపలే!"

బాపు గోడకి చేరగిలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "దీని గురించి గింత దూరం ఉరికొచ్చినవా! నా పాణం పోయినంత పనైంది. చేపలు చేపలు గాక ఇంకేమైతయే?" అని తిట్టి, తర్వాత నవ్వాడు. అటుగా వెళ్తున్న సూపర్‌వైజర్‌ని ఆపి, "మేరీ బేటీ పాస్ హో గయీ," అని చెప్పాడు. అది పాసవడం కాదని నేను సరిచేయలేదు. ఎదురుగా ఉన్న బండి దగ్గర నిలబెట్టి నాకు చాయ్ తాగించి, "ఇగ పో, నా సాంచల పోగులు తెగుతుంటయ్," అని మళ్లీ ఆ మోతలోకి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోవడం గుర్తుంది. ఆ తర్వాత కండక్టర్ భుజం తట్టి "ఉఠో బేన్" అనడం గుర్తుంది. లేచి చూస్తే దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది, బస్సు రైల్వే స్టేషన్ ముందు ఖాళీగా నిలబడి ఉంది. వారాల తరబడి సరిగ్గా పట్టని నిద్ర ఆ సీట్లో పట్టేసింది. కండక్టర్‌కి సారీ చెప్పి దిగి, తొందరేమీ లేదు కదా అని ఇంటివైపు నడక మొదలుపెట్టాను.